బోదకాలు వంశపారంపర్యమా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి రేగొండ నుంచి. రాసినావిడ పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. ఉత్తరం పొడుగ్గా ఉంది. ముఖ్యమైన భాగం ఇది:

"మా అత్తమ్మకు ఎడమ కాలు లావెక్కి ఇరవై ఏళ్లయింది. రెండు మూడు నెలలకొకసారి గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వస్తుంది. కాలు ఎర్రబడి నిప్పులా కాలిపోతుంది. నాలుగు రోజులు మంచం దిగదు. తగ్గాక చూస్తే కాలు ముందుకంటె ఇంకాస్త లావై ఉంటుంది. ఇప్పుడు మా ఆడబిడ్డకు సంబంధం కుదిరింది. లగ్గం పెట్టుకుందామని వచ్చినవాళ్లు అత్తమ్మ కాలు చూసి వెనక్కి తగ్గారు. తల్లికున్న రోగం పిల్లకు రాకపోదా అన్నారట. అత్తమ్మ ఆ రోజు నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు. ఇది నిజంగా ఇంటిరోగమా డాక్టరు గారూ? పరీక్ష చేయిస్తే రక్తంలో ఏమీ లేదన్నారు. మరి కాలెందుకు తగ్గదు? ఆశా కార్యకర్త మాత్రలు తెచ్చి ఇస్తే ఎదురింటి పిల్లవాడు మింగి వాంతి చేసుకున్నాడు. అది చూసి మేమెవరమూ మింగలేదు. తప్పా?"

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. బోదకాలు వంశపారంపర్యం కాదు. తల్లి కడుపులో నుంచి బిడ్డకు రాదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, భార్యాభర్తల కాపురం వల్ల రాదు. మీ ఆడబిడ్డ పెళ్లికీ, మీ అత్తగారి కాలికీ సంబంధం లేదు. అయితే ఈ ఒక్క మాట చెప్పినంత మాత్రాన పెళ్లివారు నమ్మరు. ఎందుకు కాదో కూడా చెప్పాలి. అందుకు కాలు ఎందుకు లావెక్కుతుందో ముందు తెలియాలి.

ఒంట్లో రెండో కాలువ

రక్తం గుండె నుంచి బయలుదేరి, పెద్ద నాళాల్లో, తర్వాత చిన్న నాళాల్లో ప్రవహించి, చివరకు వెంట్రుకకంటె సన్నని గొట్టాల్లోకి చేరుతుందని మీరు చిన్నప్పుడు బళ్లో చదివే ఉంటారు. ఆ సన్నని గొట్టాల గోడల్లోంచి రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది. కండకు, చర్మానికి కావలసిన తిండి ఆ ఊటలోనే అందుతుంది. ఊరిన నీటిలో చాలా భాగం మళ్లీ రక్తనాళాల్లోకే ఇంకిపోతుంది. కాని రోజుకు దాదాపు మూడు లీటర్లు బయటే మిగిలిపోతుంది. మనిషి ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి అయిదు లీటర్లు. మరి ఈ మూడు లీటర్లూ బయటే ఉండిపోతే ఏమవుతుంది? ఒక్క రోజులో మనిషి ఉబ్బిపోతాడు, రక్తం చిక్కబడి గుండెకు పని లేకుండా పోతుంది.

మీ ఓరుగల్లు ప్రాంతం వారికి ఇది చెప్పడం సులువు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు మీ చుట్టూ ఉన్నాయి. చెరువు తూము తెరిస్తే కాలువ వెంట నీళ్లు మళ్లకు పారతాయి. మళ్లలో ఎక్కువైన నీరు, గట్ల కింద ఊరిన నీరు ఒర్రెలో పడి, కింది చెరువులోకి చేరుతుంది. ఆ ఒర్రె పూడుకుపోతే మళ్లు జాలువారి, పైరు కుళ్లుతుంది. ఒంట్లో కూడా రక్తనాళాలు కాలువలైతే, ఊట నీటిని వెనక్కి తెచ్చే ఒర్రెలు వేరే ఉన్నాయి. వాటిని శోషరస నాళాలు అంటారు. వాటిలో పారే నీరు శోషరసం. మోకాలు గీరుకుపోయినప్పుడు రక్తం ఆగాక లేతపసుపు రంగులో రసి ఊరుతుంది, చూశారా? దాదాపు అలాంటిదే అది.

రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. శోషరసానికి గుండె లేదు. నాళాలు తమంతట తాము కొంచెం ముడుచుకుంటాయి. నడిచినప్పుడు పిక్కల కండరాలు వాటిని పిండుతాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పైకి లాగుతుంది. ఎక్కిన రసం కిందికి జారకుండా లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి, ఒకవైపే తెరుచుకునే తలుపులన్న మాట. ఇలా రెండు కాళ్ల రసమూ పొట్టలోంచి, ఛాతీలోంచి పైకెక్కి, మెడ కింద ఎడమపక్క ఒక పెద్ద సిరలో కలుస్తుంది. పాదం దగ్గర బయలుదేరిన రసం మెడ దాకా ఎక్కాలి. కాలే ఎక్కువగా ఉబ్బడానికి కారణం ఆ ఎత్తే.

బిళ్లలు కాపలాదారులు

ఈ ఒర్రెల మీద అక్కడక్కడ చిక్కుడు గింజలంత బిళ్లలు ఉంటాయి. గజ్జల్లో, చంకల్లో, మెడ మీద, పొట్ట లోపల, ఛాతీ లోపల మొత్తం కొన్ని వందలు. పాదంలో ముల్లు గుచ్చుకుంటే రెండో రోజుకు గజ్జల్లో బిళ్ల కట్టడం అందరికీ అనుభవమే. ముల్లు దిగింది పాదంలో, నొప్పి పుట్టింది గజ్జల్లో! ఎందుకంటే ముల్లుతో పాటు లోపలికి వెళ్లిన సూక్ష్మక్రిములు శోషరసంలో కొట్టుకుపోయి ఆ బిళ్ల దగ్గర పట్టుబడతాయి. ఆ బిళ్లలో తెల్లరక్తకణాలు కాపలా కాస్తుంటాయి. కొన్ని క్రిమిని పట్టి మింగేస్తాయి. కొన్ని ఆ క్రిమి ఆనవాలు పట్టుకుని, దానికి సరిగ్గా అతుక్కునే విరుగుడు పదార్థాలను లక్షలకొద్దీ తయారు చేస్తాయి. ఈ హడావిడిలో బిళ్ల ఉబ్బుతుంది, నొప్పి పెడుతుంది. అంటే బిళ్ల కట్టడం రోగం కాదు, రోగంతో పోరాటం.

ఈ కాపలాదారులకు జ్ఞాపకశక్తి ఉంది. ఒకసారి తట్టు వచ్చి తగ్గినవారికి మళ్లీ తట్టు రాకపోవడం దాని వల్లనే. పిల్లలకు వేయించే టీకాలన్నీ ఈ జ్ఞాపకం మీదనే ఆధారపడి పనిచేస్తాయి. జబ్బు రాకుండానే దొంగ ఫొటో చూపించి పెట్టడం వంటిది టీకా.

దొంగ ఎక్కడ కాపురం పెట్టాడు?

ఇంత కాపలా ఉన్న చోట ఒక పురుగు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు. బోదవ్యాధి తెచ్చే ఫైలేరియా పురుగు చేసేది అదే. పోలీసు స్టేషను వెనక గదిలోనే దొంగ కాపురం పెట్టినట్టు, అది శోషరస నాళాల్లోనే, బిళ్లల పక్కనే ఉంటుంది. ఆడ పురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడుగు, కుట్టుదారం మందం. మగది దానిలో సగం. అయిదారేళ్లు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ కూడా బతుకుతాయి. కాపలా కణాలను జోకొట్టే పదార్థాలను ఈ పురుగులు వదులుతుంటాయి. అందుకే చాలామందికి లోపల పురుగులున్నా ఏళ్ల తరబడి ఒక్క రోజు కూడా జ్వరం రాదు. మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు.

కాని పురుగులున్న నాళం సాగిపోతుంది. సాగితే లోపలి తలుపులు సరిగా మూసుకోవు. ఎక్కవలసిన రసం కిందికి జారుతుంది. పురుగు చచ్చినప్పుడు దాని జోల ఆగిపోయి, కాపలా కణాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ పోరులో నాళం గోడ దెబ్బతింటుంది. ఒర్రె పూడినట్టే. మొదట్లో సాయంత్రానికి మడమ దగ్గర వాపు వచ్చి, రాత్రి పడుకుంటే తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఈ దశలో జాగ్రత్తపడితే కాలు కాలుగానే మిగులుతుంది. అయితే ఈ దశలో ఎవరూ డాక్టరు దగ్గరకు వెళ్లరు, ఎక్కువ నడిచాం అనుకుంటారు.

వ్యాపించేది ఎలా?

ఆడ పురుగు గుడ్లు పెట్టదు, కంటికి కనిపించని పిల్లలను వేలకొద్దీ రక్తంలోకి వదులుతుంది. వాటికో వింత అలవాటు. పగలంతా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం కింది రక్తంలోకి వస్తాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రిపూటే. ఈ రెండింటికీ ముహూర్తం ఎంత బాగా కుదిరిందో చూడండి! దోమ పీల్చిన రక్తంతో పాటు పురుగు పిల్లలు దాని ఒంట్లోకి వెళ్లి, పది పన్నెండు రోజులు పెరిగి, అది ఇంకొకరిని కుట్టినప్పుడు ఆ చర్మం మీదికి దిగి, కుట్టిన రంధ్రంలోంచి లోపలికి దూరతాయి.

ఇది కనిపెట్టినవాడు పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు డాక్టరు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో, తన తోటమాలి రక్తంలో ఈ పురుగు పిల్లలున్నాయని తెలిసి, ఆ మనిషి నిద్రపోతుంటే దోమలను కుట్టనిచ్చి, తర్వాత ఆ దోమలను కోసి చూశాడు. కీటకం ద్వారా మనిషికి రోగం వ్యాపిస్తుందన్న ఆలోచనకు అదే తొలి మెట్టు. ఆయన సలహాలతోనే రోనాల్డ్ రాస్ ఇరవై ఏళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అయితే మాన్సన్ ఒక పొరపాటు పడ్డాడు. దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు ఫైలేరియా వస్తుందనీ అనుకున్నాడు. పురుగు పిల్లలు దోమ తొండంలోంచి దిగుతాయని 1900లో తేలింది. "ఆ ఊరి నీళ్లు పడితే బోదకాలు వస్తుంది" అని మనవాళ్లు ఈనాటికీ అనడం మానలేదు. నీళ్లను తిట్టి లాభం లేదు. ఇంటి వెనక నిలిచిన మురుగును, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టాన్ని చూడండి. గొట్టం కొసకు చిన్న కన్నాల వల కడితే వందల దోమలు అక్కడే ఆగిపోతాయి. ఆ వల ఖరీదు ఒక్క పూట టీ ఖర్చు కాదు.

ఒకటి రెండు దోమలు కుడితే బోదకాలు రాదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి పదే పదే కుట్టాలి. సాధారణంగా పురుగు ఒంట్లో చేరేది చిన్నతనంలో, కాలు కనిపించేది పెద్దయ్యాక. ఒకే ఇంట్లో ఇద్దరికి ఉంటే, వాళ్లిద్దరూ ఒకే పంచలో, ఒకే దోమల మధ్య పడుకున్నందువల్ల. రక్తసంబంధం వల్ల కాదు. అదే పంచలో పడుకున్న కోడలికీ రావచ్చు, పక్కింటివారికీ రావచ్చు.

రక్తంలో ఏమీ లేదు, కాని కాలు తగ్గలేదు

మీరు పరీక్ష చేయించింది పగలా, రాత్రా? ఉత్తరంలో రాయలేదు. పగలు తీసిన రక్తపు చుక్కలో పురుగు పిల్లలు కనిపించవు. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి పదయ్యాక వచ్చి తలుపు కొడతారు. నిద్ర చెడగొట్టారని వాళ్ల మీద విసుక్కోకండి. ఇప్పుడు పురుగు వదిలే పదార్థాన్ని పట్టే పరీక్ష వచ్చింది. దానికి పగలైనా ఫరవాలేదు.

ఇంకో సంగతి, ఇది పెళ్లివారికి తప్పక చెప్పండి. మీ అత్తగారిలాగా ఏళ్ల కిందట కాలు లావైన వారిలో చాలామంది రక్తంలో పురుగు పిల్లలు అసలు ఉండవు. పురుగులు ఎప్పుడో చచ్చిపోయాయి. మిగిలింది పాడైన ఒర్రె మాత్రమే. అందుచేత లావు కాలున్న మనిషిని కుట్టిన దోమ వల్ల ఇంకొకరికి రోగం రావడం అరుదు. వ్యాపింపజేసేది సన్నగా, చక్కగా, ఏ జబ్బూ లేనట్టు తిరిగే మనిషి. ఆ మనిషి పెళ్లివారి ఇంట్లోనే ఉండవచ్చు! ఏ ఇంట్లో బోదకాలు కనిపిస్తే ఆ ఇంటిని వెలివేయడం ఎంత అర్థం లేని పనో ఆలోచించండి. మీ ఆడబిడ్డ మనసు కుదుటపడడానికి ఆ పరీక్ష ఒకటి చేయించండి. పురుగు ఉన్నట్టు తేలినా కంగారు లేదు. కాలు ఇంకా చెడలేదు కనుక మందు మింగితే సరిపోతుంది. కాబోయే అల్లుడూ ఆ పరీక్ష చేయించుకుంటే ఇంకా న్యాయంగా ఉంటుందని నా అభిప్రాయం.

మాత్రల సంగతి

మీరు మింగకుండా దాచిన మాత్రల్లో ఒకటి డైఇథైల్ కార్బమజైన్. డి.ఇ.సి. అంటారు. దాని వెనక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన నాయకత్వంలోని బృందమే 1947లో ఈ మందును బయటపెట్టింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. డెబ్బై అయిదేళ్లు దాటినా ఫైలేరియా మీద ప్రపంచంలో చాలా చోట్ల ఇంకా ఈ మందునే వాడుతున్నారు.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి బోదవ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి ఊరంతటికీ మందు మింగించే పద్ధతి పెట్టారు. అప్పట్లో రేగొండ వరంగల్ జిల్లాలో ఉండేది, ఆ జిల్లా కూడా ఆ జాబితాలోనిదే. డి.ఇ.సి.తో పాటు ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు. కొన్ని చోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతున్నారు. డి.ఇ.సి. పెద్దలకు 300 మిల్లీగ్రాములు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి 200, రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు 100. రెండేళ్ల లోపు పసివాళ్లకు, గర్భిణులకు, బాగా జబ్బుపడిన వారికి ఇవ్వరు. భోజనం చేసిన తర్వాతే మింగాలి, పరగడుపున వద్దు.

ఎదురింటి పిల్లవాడు వాంతి ఎందుకు చేసుకున్నాడు? పరగడుపున మింగి ఉండవచ్చు. లేదా వాడి రక్తంలో పురుగు పిల్లలు ఉండి ఉండవచ్చు. మందు పడగానే అవి గుంపుగా చస్తాయి. చచ్చిన వాటి మీద కాపలా కణాలు విరుచుకుపడడంతో జ్వరం, తలనొప్పి, వాంతి, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. పురుగు లేనివాడికి ఇవి చాలా తక్కువ. అంటే ఆ పిల్లవాడికి మందు అవసరం ఉండి ఉంటుంది. ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అది అరుదు.

మింగకపోవడం తప్పా అన్నారు. తప్పే. ఈ మందు ముఖ్యంగా పురుగు పిల్లలను చంపుతుంది. పెద్ద పురుగులన్నీ ఒక్క విడతకు చావవు. అవి ముసలివై చచ్చేదాకా ఏటా ఊరందరూ మింగితేనే దోమకు పీల్చడానికి ఏమీ దొరకదు. పదిమందిలో ముగ్గురు జేబులో దాచుకుంటే ఆ ముగ్గురి దగ్గరా దోమ మళ్లీ పని మొదలుపెడుతుంది. శ్రీలంక 2016లో, థాయిలాండు 2017లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసుకున్నాయి. మన ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2027.

అయితే ఈ మాత్రల వల్ల మీ అత్తగారి కాలు సన్నబడదు. ఇది ముందే చెప్పకపోతే "మింగినా తగ్గలేదు" అని మందును తిడతారు. ఆవిడ కాలికి కావలసిన వైద్యం వేరే ఉంది.

ఆ జ్వరం ఎందుకు వస్తుంది?

రెండు నెలలకొకసారి వచ్చే ఆ చలిజ్వరం కొత్త పురుగు వల్ల కాదు. నీరు నిలిచిన కాలికి కాపలా తక్కువ. కాపలా కణాలు ఒర్రె దారిలోనే తిరగాలి, ఆ దారి మూసుకుపోయింది. చర్మం మడతలు పడి, వేళ్ల సందులు ఎప్పుడూ తడిగా ఉండి, ఒరుసుకుపోతాయి. అక్కడి పగుళ్లలోంచి మామూలు చర్మపు సూక్ష్మక్రిములు లోపలికి దూరి, అడ్డుకునేవారు లేక కాలంతా అంటుకుంటాయి. ప్రతి జ్వరానికీ ఇంకొన్ని నాళాలు పాడవుతాయి. కాలు లావెక్కేది ఇలా, మెట్టు మెట్టుగా. కాబట్టి జ్వరాన్ని ఆపితే కాలు పెరగడాన్ని ఆపినట్టే.

జ్వరాన్ని ఆపేది ఏమిటి? సబ్బు, నీళ్లు! నవ్వకండి. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో గెరూసా డ్రేయర్ అనే డాక్టరమ్మ 1990లలో రోగులకు కాలు కడుక్కోవడం నేర్పి, జ్వరాలు తగ్గడం చూపించారు. మన కేరళలో ఆలప్పుళ వైద్య కళాశాల డాక్టర్లు కూడా, మందుల మాట ఎలా ఉన్నా, రోజూ కాలు శుభ్రం చేసుకున్నవారికి జ్వరాలు బాగా తగ్గాయని గమనించారు.

కడగడమంటే చెంబుడు నీళ్లు గుమ్మరించుకోవడం కాదు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు మీ అత్తగారిని పీట మీద కూర్చోబెట్టండి. ముందు రెండు కాళ్లూ పరీక్షగా చూడండి. వేళ్ల సందులు, మడతలు, గోళ్ల మూలలు, అరికాలు అన్నీ చూడాలి. వంగలేని మనిషి తన వేళ్ల సందులు తాను చూసుకోలేదు, ఇంకొకరే చూడాలి. చల్లని లేదా గదిలో ఉన్నపాటి నీళ్లు చాలు, వేడినీళ్లు వద్దు. మామూలు ఒంటి సబ్బు చేతికి రాసుకుని మోకాలి నుంచి కిందికి మెత్తగా రుద్దాలి. పీచు, బ్రష్షు, ఇటుకముక్క వద్దు. మడత విప్పి లోపల రుద్దాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత మెత్తని పొడిగుడ్డతో అద్దాలి, తుడవకూడదు. వేళ్ల సందుల్లో సన్నని గుడ్డ పేలిక దూర్చి తడి లేకుండా చేయాలి. ఈ ఆరబెట్టే పనిని చాలామంది వదిలేస్తారు. అసలు పట్టు అక్కడే ఉంది. సందుల్లో తెల్లగా నాని, దురదగా ఉంటే బూజు వంటి శిలీంధ్రం పట్టిందని అర్థం. దానికి డాక్టరు రాసిన పూతమందు రాయండి. పుండుంటే క్రిమిసంహారక మలాం.

లావైన కాలే కాదు, బాగున్న కాలూ కడగాలి. పది పదిహేను నిమిషాల పని. మొదటి నెలలో తేడా తెలియకపోవచ్చు. రెండు మూడు జ్వరాలు రావలసిన కాలం గడిచి, ఒక్కటీ రాకపోతే అప్పుడు తెలుస్తుంది. వాసన పోవడం మాత్రం వారంలోనే తెలుస్తుంది. ఆ వాసన వల్లనే చాలామంది పేరంటాలు, పెళ్లిళ్లు మానుకుంటారు.

పడుకున్నప్పుడు మంచం కాళ్లవైపు రెండు ఇటుకలు ఎత్తు పెట్టండి. కూర్చున్నప్పుడు కాలు వేలాడకుండా ముందర ఇంకో పీట. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగందే కాళ్లు ఎత్తు పెట్టుకోకూడదు. కూర్చునే మడమను కిందికీ పైకీ ఆడించడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం రోజుకు నాలుగైదుసార్లు చేయించండి. పిక్కలే ఆ రసానికి గుండె అని పైన చెప్పాను గదా. పంచాయతీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడిగితే టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు, మలాం ఉన్న సంచి ఇచ్చే ఏర్పాటు ఉంది. పింఛను కూడా అడగండి, తెలంగాణలో బోదకాలు బాధితులను 2018లో ఆసరా పింఛన్లలో చేర్చారు.

జ్వరం వచ్చినప్పుడు ఇవన్నీ మారతాయి. అప్పుడు వ్యాయామం వద్దు, కట్టు వద్దు, తోమడం వద్దు. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ కాలు మీద వేసి, కాలు ఎత్తు మీద పెట్టి, నీళ్లు బాగా తాగించి, పారాసిటమాల్ ఇవ్వండి. మర్నాటికల్లా డాక్టరుకు చూపించండి, సూక్ష్మక్రిములకు యాంటీబయాటిక్ పూర్తి విడత వాడాలి. ఒక ఇంజెక్షనుతో జ్వరం దిగింది గదా అని ఆపేస్తే అది మళ్లీ వస్తుంది. మతి తప్పినట్టు మాట్లాడినా, కాలి మీద నల్లని పొక్కులు లేచినా రాత్రైనా సరే వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అమావాస్యకూ, పున్నానికీ జ్వరం వస్తుందని మీ వైపు బలంగా నమ్ముతారు. చంద్రుడికి మీ అత్తగారి కాలితో పని లేదు. నెలకు రెండుసార్లు అవి వస్తాయి కనుక ఏ జ్వరమైనా ఏదో ఒకదానికి దగ్గర్లోనే పడుతుంది. మీరే తేదీలు రాసి పెట్టి చూడండి. నాట్ల రోజుల్లో, బురదలో కాళ్లు నానినప్పుడు ఎక్కువ వస్తాయని తేలుతుంది. పసరు పోసి కట్టడం, వాతలు పెట్టడం, జలగలు పట్టించడం చేయవద్దు. చర్మానికి చిల్లు పడే ఏ వైద్యమైనా క్రిములకు తలుపు తీసినట్టే. వంకాయ, నీచు మానేసి చిక్కిపోవలసిన పని కూడా లేదు.

మగవారి మాట కూడా చెప్పాలి. ఈ పురుగు మగవారిలో కాలికంటె ఎక్కువగా వృషణాల సంచికి నీరు పట్టిస్తుంది. వరిబీజం అదే. సిగ్గుపడి పంచె మాటున దాచుకుని, ఏళ్ల తరబడి పొలం పని మానుకుని కూర్చునేవారున్నారు. అది చిన్న ఆపరేషనుతో పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. కొందరికి మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. పేగుల నుంచి కొవ్వును మోసుకువచ్చే శోషరసం దారి తప్పి మూత్రంలో కలుస్తుంది కనుక అలా అవుతుంది. చూపించుకోవాలి.

ప్రతి కాలివాపూ బోదకాలు కాదు. రెండు కాళ్లూ ఒకేసారి ఉబ్బి, వేలుతో నొక్కితే గుంట పడితే గుండె, మూత్రపిండాలు, కాలేయం చూపించాలి. ఒక కాలి పిక్క హఠాత్తుగా ఉబ్బి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, అది ఆ రోజే చూపించవలసిన సంగతి. అలాగే నొప్పి లేని బిళ్ల మెడ మీదనో, చంకలోనో మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, పెరుగుతుంటే ఊరుకోవద్దు. మెడ బిళ్లల్లో క్షయ మన దేశంలో తక్కువ కాదు. గండమాల అన్నది అదే. క్యాన్సరూ కావచ్చు.

ఉత్తరం చివర ఇంకో ప్రశ్న ఉంది. కొడవటంచ నరసింహస్వామి జాతరకు చెప్పుల్లేకుండా నడిచి వస్తానని అత్తమ్మకు మొక్కు ఉందట, పోనివ్వాలా వద్దా అని. నడక ఆ కాలికి మంచిదే, పోనివ్వండి. మొక్కు గుడి మెట్ల దగ్గర నుంచి లెక్కపెట్టుకోమనండి, రోడ్డు మీద మాత్రం చెప్పులు ఉండాలి. వేళ్లు ఒరుసుకోని, వెనక పట్టీ ఉన్న, ఒక సైజు పెద్దదైన మెత్తని జోడు. ఆ వారంలో జ్వరం వచ్చి ఉంటే వచ్చే ఏడాదికి వాయిదా. దారిలో గంటకోసారి కూర్చుని కాలు ఎత్తు పెట్టుకోవాలి. సంచిలో సబ్బు ముక్క, పొడి తువ్వాలు పెట్టుకు వెళ్లండి. తిరిగొచ్చి ఎంత అలిసిపోయినా ఆ రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందులు చూడకుండా పడుకోనివ్వవద్దు.